పేరు ముందర రెండక్షరాలు

మా వైపు గోడకు ఏ జాబితా అంటించినా జనం వెతికేది ఒక్కటే, పేరు. రేషన్ జాబితా, పింఛన్ల జాబితా, ఓటర్ల జాబితా, ఏదైనా సరే. పైనుంచి కిందికి వేలు జరుపుకుంటూ పోవడం, పేరు కనబడగానే "ఉండాది పో" అని వెనక్కి తిరగడం. ఆ పేరు ముందర ఏం రాశారో, వెనక ఏం రాశారో నిలబడి చదివిన మనిషిని నేను చూడలేదు. నేనూ అలా పెరిగినవాడినే. నంద్యాలలో ఒక కాలేజీ కంప్యూటర్ ల్యాబు పదేళ్లకు పైగా చూసుకుంటున్నా ఆ బుద్ధి పోలేదు. దానివల్ల నష్టపోయింది నేనైతే ఇది రాసేవాడినే కాదు. నష్టపోయింది మా అక్క.

అక్క ఆళ్లగడ్డలో ఒక ప్రైవేటు బడిలో సోషల్ టీచరు. మూడేళ్లలో కొంచెం కొంచెంగా ఆమె చూపు పోయింది. పాఠం చెప్పడానికి ఆమెకు పుస్తకం అక్కర్లేదు, పదో తరగతి పాఠాలన్నీ నోటికి వచ్చు. గొంతు విని ఏ పిల్ల ఏ బెంచీలో కూర్చుందో చెప్పేస్తుంది. చిక్కంతా ప్రశ్నపత్రాలతో వచ్చింది. ఈ ఏడు నుంచి ఎవరి ప్రశ్నపత్రం వాళ్లే కంప్యూటర్‌లో కొట్టి ఇవ్వాలని బడి నడిపే కరస్పాండెంటు సారు రూలు పెట్టాడు. అక్కను పిలిచి మర్యాదగానే చెప్పాడు.

"ఏం లేదు మేడం. సోమవారం అందరి ముందర ఒక్క పేపరు మీ అంతట మీరు కొట్టి చూపించండి. చూపిస్తే తొమ్మిది, పది మీకే. లేదంటే క్లాసులు వేరేవాళ్లకు ఇస్తాం, మీరు ఆఫీసులో కూర్చుందురు."

ఇరవై ఏళ్లు నిలబడి పాఠం చెప్పిన మనిషిని ఆఫీసులో కూర్చోమంటే, ఇంక ఆమె చేసేదేముంది? వచ్చేపోయేవాళ్ల అడుగుల చప్పుడు వినడమే.

కానీ అక్కకు ధైర్యం ఉంది, ఎందుకంటే ఇంట్లో ఆమె టైపు కొట్టడం ఎప్పుడో నేర్చుకుంది. పాత కంప్యూటర్ ఒకటి తెచ్చి, విండోస్‌కు బదులు లైనక్స్ వేసి, అక్షరాలను పైకి చదివే ప్యాకేజీ అందులో నేనే పెట్టాను. ప్యాకేజీ అంటే ఒక ప్రోగ్రామునూ దానికి కావలసిన సరంజామానూ కలిపి కట్టిన మూట. ఏ అక్షరం కొట్టినా అది పలుకుతుంది, తప్పు పడితే అక్క విని దిద్దుకుంటుంది. ఆ గొంతు మాత్రం ముక్కుతో మాట్లాడినట్టు ఉంటుంది. మొదటిరోజు అక్క పడీపడీ నవ్వింది.

"ఎవడ్రా వీడు? జలుబు చేసినోని మాదిరి మాట్లాడుతాండాడు."

రెండు నెలలు తిరిగేసరికి ఆ జలుబు గొంతును పక్కన పెట్టుకుని నాకంటే వేగంగా తెలుగు కొట్టేది.

బడి కంప్యూటర్‌లో కూడా ఆ ప్యాకేజీ ఉండాలి. నెల కిందట ఒకసారి పోయి పెట్టిన గుర్తు ఉంది. ఎందుకైనా మంచిదని శనివారం నంద్యాల బస్సు దిగి నేరుగా బడికి పోయాను. అక్క గేటు దగ్గరే నిలబడి ఉంది. పిల్లలు వెళ్లిపోయారు. స్పీకర్లు బీరువాలో ఉన్నాయి, బీరువా తాళంచెవి అటెండరు దగ్గర ఉంది, అటెండరేమో పెళ్లికని దొర్నిపాడు పోయాడు. నా ఇయర్‌ఫోన్లు నంద్యాల ల్యాబు సొరుగులో పడి ఉన్నాయి. విని చూసే దారి లేదు.

పోనీ, కంప్యూటర్‌నే అడిగితే చెప్పదా అనుకున్నాను. అదే నా పదేళ్ల అనుభవం, తగలెయ్య! ఆదేశాలు కొట్టే నల్ల తెర తెరిచి డీపీకేజీ హైఫన్ ఎల్ అని కొడితే ఆ యంత్రంలోని ప్యాకేజీల పట్టీ బారుగా వస్తుంది. వందల వరుసలు. అందులోంచి మా జలుబు గొంతుగాడి పేరు ఉన్న వరుసను మాత్రం ఏరి చూపించమన్నాను. వచ్చింది. పేరు, వెర్షను, వివరం, అన్నీ ఉన్నాయి.

"ఉండాదా?" అక్క నా కుర్చీ వెనక నిలబడి అడిగింది.

"ఉండాదక్కా."

"బాగా చూసినావా?"

"కండ్లారా చూసినా. ఇంగ భయం లేదు, పోదాం పా."

చూపు లేని మనిషితో కండ్లారా చూశానని చెప్పాను. ఇప్పుడు ఆ మాట గుర్తొస్తే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

సోమవారం సెలవు పెట్టి నేనూ పోయాను. స్టాఫ్‌రూములో ఐదారుగురు టీచర్లు, మధ్యలో కరస్పాండెంటు సారు. అటెండరు స్పీకర్లు తెచ్చి తగిలించాడు. అక్క పొద్దున్నే ప్రార్థన చేసుకుని, ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చింది. కుర్చీలో కూర్చుని, వేళ్లతో కీబోర్డు అంచులు తడుముకుని, గొంతు మొదలయ్యే మీటలు నొక్కింది. ఏమీ రాలేదు. మళ్లీ నొక్కింది. బయట రోడ్డవతల శిల్పాలు చెక్కేవాళ్ల ఉలి చప్పుడు తప్ప గదిలో ఇంకే శబ్దమూ లేదు. అక్క అయినా ఆగకుండా ఒక వరుస కొట్టి, వేళ్లు వెనక్కి తీసుకుంది.

"వినబడితేనే కదా సార్ తప్పొప్పులు తెలిసేది," అంది నెమ్మదిగా.

నాకు ఒళ్లు మండిపోయింది. స్పీకర్ల వైరు పీకి మళ్లీ పెట్టాను. శబ్దం పెంచాను. నల్ల తెర తెరిచి అదే ప్రశ్న మళ్లీ అడిగాను. అదే వరుస మళ్లీ వచ్చింది. "చూడండి సార్, ఈడ ఉండాది! పేరు కనబడుతాంది కదా!" అని తెర మీద వేలు పెట్టి అందరికీ వినబడేటట్టు అరిచాను.

నా పక్కన నిలబడిన కంప్యూటర్ టీచరమ్మ వంగి చూసింది. "అన్నా, పేరు కాదు. ముందర రెండక్షరాలు చూడు," అంది మెల్లగా.

వరుస మొదట్లో ఆర్, సీ అని ఉన్నాయి. ఐ, ఐ అని ఉంటేనే ప్యాకేజీ నిజంగా ఉన్నట్టు. ఆర్, సీ అని ఉంటే దాన్ని ఎవరో తీసేశారు, దాని సెట్టింగులు మాత్రం మిగిలాయి అని అర్థం. ఈ సంగతి నేను పిల్లలకు ల్యాబులో పాఠం చెప్పేవాడిని. తీసేసింది ఎవరో అప్పుడు గుర్తొచ్చింది. నెల కిందట గొంతు గరగరమంటుంటే నేనే తీసేశాను, శుభ్రంగా మళ్లీ వేద్దామని. ఇంతలో బస్సు టైమైంది. రేపు చూద్దాంలే అనుకున్నాను. మరిచిపోయాను. యంత్రం శనివారం నాకు నిజమే చెప్పింది, చదవనిది నేను.

"రెండు నిమిషాలు సార్, రెండే నిమిషాలు," అని బతిమాలాను. బడి ఇంటర్నెట్ పనిచేయడం లేదు, నా ఫోన్ నుంచి కలిపాను. ఆ ప్యాకేజీ దొరుకుతుందా అని అడిగితే కంప్యూటర్ రెండు ముక్కల్లో జవాబిచ్చింది: ఇప్పుడు వేసి ఉన్నది ఏదీ లేదు, వేసుకోవడానికి దొరికేది ఉంది. సరే, వెయ్యి మహానుభావా! వెయ్యలేదు. నెట్టు తగలగానే లోపల ఇంకేదో ప్రోగ్రాము తనంతట తనే పాత అప్‌డేట్లన్నీ దింపుకోవడం మొదలుపెట్టింది. అది అయ్యేదాకా ఇంకొకరు చెయ్యి పెట్టడానికి లేదట. ఎన్నిసార్లు కొట్టినా అదే మాట. చొక్కా వీపుకు అతుక్కుపోయింది. నోట్లో బూతులు తిరుగుతున్నాయి, ఆడవాళ్లున్నారని మింగుతున్నాను.

పావుగంట చూసి కరస్పాండెంటు సారు లేచాడు. "సరేలేప్పా, మిషన్లన్నాక ఇట్లే ఉంటాయి. చూద్దాంలే మేడం." ఆయన వెనకే అందరూ క్లాసులకు వెళ్లిపోయారు.

మరో అరగంటకు ప్యాకేజీ పడింది. జలుబు గొంతు లేచి, ఖాళీ గదిలో, అక్క ఏమీ వినకుండా కొట్టిన వరుసను గట్టిగా చదివింది. "ఈ కింది ప్రశ్నలకు సొంత మాటలలో జవాబులు రాయండి." ఒక్క తప్పు కూడా లేదు.

పరుగున పోయి సారును పిలిచాను. ఆయన ఫోనులో ఉన్నాడు, తర్వాత రమ్మని చేయి ఊపాడు. మధ్యాహ్నందాకా వరండాలో నిలబడ్డాను. ఆయన కారెక్కి వెళ్లిపోయాడు.

ఇంటికి పోతూ అక్క నన్ను తిట్టి ఉంటే బాగుండేది. ఇంట్లో నేనే గోడకు తల బాదుకున్నంత పని చేస్తే, "అన్నం తిను," అంది అంతే.

మరుసటి వారం నోటీసుబోర్డులో టీచర్ల జాబితా పెట్టారని తెలిసి అక్క నన్ను వెంటబెట్టుకుని పోయింది. వరండాలో నా భుజం మీద చేయి వేసి నిలబడింది. నేను వేలు పెట్టి పైనుంచి కిందికి జరుపుకుంటూ వచ్చాను. కనబడింది. ప్రాణం లేచొచ్చింది.

"నా పేరు ఉండాదా?"

"ఉండాదక్కా!"

"పేరు సంగతి కాదురా. ముందర ఏం రాసినారో చదువు."

అప్పుడు చూశాను. ప్రతి పేరు ముందర ఆ టీచరుకు ఇచ్చిన క్లాసులు రాసి ఉన్నాయి. ఎనిమిది, తొమ్మిది, పది. అక్క పేరు ముందర ఏ క్లాసూ లేదు, చిన్న గీత ఉంది. నా భుజం మీది చేయి కొంచెం బిగిసింది.

"చదువురా, ఈసారన్నా సరిగ్గా చూసి చదువు," అంది అక్క.

చదివాను.