గొంగడి బ్యాండు పాడిన శోకం

2022 వానాకాలం. జనగామలో మా ఇంటి మేడ మీది గదే నా రికార్డింగ్ స్టూడియో. స్టూడియో అనగానే పెద్దగా ఊహించుకోకండి. ఒక కంప్యూటర్, ఒక మంచి మైకు, గోడల నిండా గొంగళ్లు. గొంతు గోడకు తగిలి తిరిగి రాకుండా పెద్ద స్టూడియోల వాళ్లు స్పాంజి అట్టలు అతికిస్తారు. గొర్రె ఉన్ని గొంగడి ఆ పని అంతకంటే బాగా చేస్తుందని నా నమ్మకం. కింద మా ఆవిడ పెట్టే కుక్కర్ విజిల్‌కు మాత్రం ఏ గొంగడీ అడ్డం రాలేదు. అందుకే వంట ఎప్పుడో కనుక్కొని రికార్డింగ్ పెట్టుకునేవాణ్ని.

యూట్యూబ్‌లో జానపదాలకు గిరాకీ పెరిగిన రోజులవి. ఒకరోజు నలుగురు కలిసి వచ్చారు. డేనియల్‌ది మహబూబాబాద్. చర్చిలో గిటారు నేర్చుకున్నాడు, బ్యాండ్ కోసం ప్రైవేటు బడిలో పంతులు ఉద్యోగం మానేశాడు. అతని తమ్ముడు జాన్ డ్రమ్స్ వాయిస్తాడు. ఘనపూర్ కొమురయ్యది డప్పు. పాడేది స్వరూప. కాటారం దగ్గరి పల్లెలో కూలి పని చేసుకునే మనిషి. నాట్ల దగ్గర ఆమె పాడుతుంటే ఎవరో ఫోన్‌లో తీశారట. అది చూసి డేనియల్ వెతుక్కుంటూ వెళ్లి బతిమాలి తెచ్చాడు. బ్యాండ్‌కు అప్పటికి పేరు లేదు. నా గోడలు చూసి 'గొంగడి' అని పెట్టుకున్నారు.

మా పనిలో క్లిక్ అని ఒకటి ఉంటుంది. చెవిలో టిక్కుటిక్కుమని లెక్క చెప్పే చప్పుడు. అందరూ దాని వెంట నడిస్తేనే విడివిడిగా రికార్డు చేసినవి తర్వాత ఒక్కచోట అతుకుతాయి. హెడ్‌ఫోన్ పెట్టగానే స్వరూప తీసేసింది.

"చెవుల గీ గడియారం ఎందుకన్నా? నాటేసేటప్పుడు మాకెవలు టిక్కుటిక్కుమన్నరు?"

నేను ఎంత చెప్పినా ఎక్కలేదు. కొమురయ్య చెప్పాడు: "గడియారమనుకోకు బిడ్డా. నీ పక్కపొంటి నాటేసేదాని చెయ్యి అనుకో." ఆ తర్వాత ఆమె ఒక్కసారి కూడా తప్పలేదు.

రెండు నాట్ల పాటలు అయ్యాయి. మూడోది నెమ్మదిగా నడిచేది కావాలన్నాడు డేనియల్.

"నాకు మెల్లగ పాడేటియి రావు తమ్మీ. శోకమొక్కటే వస్తది. మా అన్న మీద మా అవ్వ పెట్టింది."

ఇంట్లో మనిషి పోతే ఆడవాళ్లు పోయినవాళ్లను పిలుస్తూ, వాళ్ల మంచి చెప్పుకుంటూ, రాగం తీసి ఏడుస్తారు. అదే శోకం. స్వరూప అవ్వ అన్నది తల్లిని. స్వరూపకు ఒక్కడే అన్న. బావి దగ్గర మోటరు కరెంటు కొట్టి చనిపోయాడు. పండుగ పండుగకు ఆమెను పుట్టింటికి తోలుకుపోయేది అతనే.

"అదే పాడక్కా," అన్నాడు డేనియల్.

"ఇంట్ల వద్దు," అన్నాడు కొమురయ్య. "సంసారం జేసుకునే ఇంట్ల శోకం పెట్టద్దు."

స్వరూప కూడా తలూపింది. సరేనని మేడ మీది నుంచి కేబుల్ కిందికి వదిలి, ఇంటి వెనక ఖాళీ జాగాలో మైకు పెట్టాను. క్లిక్ లేదు, హెడ్‌ఫోన్ లేదు. నేల మీద కూర్చొని, మోకాళ్ల చుట్టూ చేతులు వేసుకొని పాడింది.

"తోలుకపోను వస్తనంటివి నా అన్నో,
తొవ్వ జూసి జూసి కండ్లు కాయలాయె నా అన్నో."

ఎన్నో గొంతులు రికార్డు చేసినవాణ్ని, అయినా నా కంట నీళ్లు ఆగలేదు. ఆమె ఎక్కడ ఊపిరి పీల్చుకుంటే అక్కడ పాట ఆగింది. ఒకచోట మాట మధ్యలోనే తెగింది.

దాన్ని డేనియల్, నేను కూర్చొని ఎడిట్ చేశాం. లైన్లు కత్తిరించి లెక్కలోకి తెచ్చాం. లైనుకు లైనుకు మధ్య నాలుగు దెబ్బల ఖాళీ పెట్టి, అందులో గిటారు పోశాడు డేనియల్. చాలా బాగా వాయించాడు, అది ఒప్పుకోవాలి. శోకమని పెడితే ఎవరు చూస్తారని 'అన్న పాట' అని పేరు పెట్టి వదిలారు.

ఇక ఆ పాట ఆగలేదు. ఆటోల్లో అదే, ఫోన్ రింగుల్లో అదే. భూపాలపల్లిలో ప్రోగ్రాం, మహదేవపూర్‌లో ప్రోగ్రాం, జనగామలో కాలేజీ పిల్లల వేడుక. జనానికి రికార్డులో ఉన్నట్టే కావాలి కాబట్టి స్వరూప ఆ ఖాళీలతో సహా నేర్చుకొని పాడేది. కొమురయ్య గొణిగేవాడు. "ఆరుబయటనే గదా కాకా," అనేది స్వరూప. "మా అన్న పేరు నలుగురి నోట్లె పడుతంది. పడనీయి." ఆ మాట అనేటప్పుడు ఆమె ముఖం వెలిగిపోయేది.

మరుసటి ఎండాకాలం మహబూబాబాద్‌లో ఒక పెళ్లి. ఫంక్షన్ హాల్లో మిక్సర్ దగ్గర నేనే ఉన్నాను. మిక్సర్ అంటే ఎవరి గొంతు ఎంత వినపడాలో తేల్చే పెట్టె. అప్పగింతల వేళ పెళ్లికూతురి అన్న స్టేజీ దగ్గరికి వచ్చాడు.

"అక్కా, మా చెల్లె అన్న పాట పాడుమంటుంది."

చెల్లెను తోలుకుపోవడానికి అన్న వస్తాడన్న మాటలు. అప్పగింతలకు ఇంతకంటే సరిపోయే పాట ఏముంటుందని అక్కడ ఎవరైనా అనుకుంటారు. స్వరూప ఆ అబ్బాయిని కిందికీ మీదికీ చూసింది.

"ఆమెకు నువ్వొక్కనివేనా?"

"ఒక్కన్నే అక్కా."

"గా పాట వద్దు. ఇంకో పాట పాడుత."

డేనియల్ దగ్గరికి వచ్చాడు. "పిల్ల అడుగుతుందక్కా. ఏడ్చే పాటే గదా, ఏడ్చే టైమే గదా."

"ఏడుపులన్ని ఒక్కటి కాదు తమ్మీ."

హాలంతా 'అన్న పాట, అన్న పాట' అని ఒకటే అరుపులు. ఏ బ్యాండయినా గొంతు పట్టేసిన రోజు కోసం రికార్డు చేసిన పాటను బ్యాకప్‌గా వెంట ఉంచుకుంటుంది. ఏం చేయాలో తోచక డేనియల్ ల్యాప్‌టాప్‌లో దాన్ని నొక్కాడు. స్వరూప నోరు మూసుకొని నిలబడి ఉంది. ఆమె గొంతు బాక్సుల్లోంచి వస్తోంది. పెళ్లికూతురు అన్నను పట్టుకొని ఏడుస్తోంది. చూసేవాళ్లకు కన్నులపండుగ.

స్వరూప స్టేజీ దిగి నా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. "ఆపన్నా. బతికున్న పోరనికి శోకం పెడుతున్నరు. ఆపు."

మిక్సర్ మీద పాట చప్పుడు తగ్గించే ఫేడర్‌ను కిందికి లాగేశాను. ఆ మాట ముందు వరుసలో కూర్చున్న ముసలమ్మల చెవిన పడింది. శోకమట, శోకమట అని హాలంతా పాకింది. పెళ్లికూతురి మేనత్త అప్పటికప్పుడు ఉప్పూ మిరపకాయలూ తెచ్చి ఆ అన్నకు దిష్టి తీసింది. మమ్మల్ని ఎవరూ కొట్టలేదు, కానీ తిట్లకు కొదవ లేదు. ఆ రోజుతో గొంగడి బ్యాండు ఆగిపోయింది, దానికి ఏడాది కూడా నిండలేదు.

తర్వాత డేనియల్ నా దగ్గరికి చాలాసార్లు వచ్చాడు. పాపం, అతని బాధ అతనిది. "మా దిక్కు మట్టి కాడ పాడిన పాటనే ఆదివారం చర్చిల పాడుతం అన్నా. పాడితేనే గుండె తేలికైతది. నేనేం తప్పు జేసిన?" అనేవాడు. తమ చర్చివాళ్లలో మట్టి అంటే సమాధి చేయడమని విడమరిచి చెప్పేవాడు కూడా. ఒక్కసారి అక్కతో మాట్లాడించమని బతిమాలాడు. ఉద్యోగం వదులుకున్నవాడు, ఎట్ల కాదంటాను?

నేను కబురు పెడితే, పెత్రమాస వెళ్లాక స్వరూప వచ్చింది. పోయినవాళ్ల పేరు మీద బియ్యమిచ్చే అమావాస్య అది. డేనియల్ ముందే మొదలుపెట్టాడు: "పెండ్లిళ్లకు పోవద్దక్కా. ఆ పాట స్టేజీ మీదనే పాడద్దు. మిగతాయి పాడుదం."

"నీ మీద కోపం లేదు తమ్మీ," అంది స్వరూప. "మొన్న పెత్రమాస నాడు అన్నను తల్సుకొని శోకం పెట్టిన. ఒక లైను అన్న. ఆగిన. ఎందుకాగిన్నో నాకే ఎరుక లేదు. జర సేపటికి సమజైంది, గిటారు కోసం ఆగిన. మళ్ల మొదలుపెట్టిన, మళ్ల గక్కడనే ఆగిన. మా అవ్వ నా మొకం జూస్తుంది. ఏడుపు రాలె తమ్మీ. మా అన్న మీద నాకు ఏడుపు రాలె."

డేనియల్ తల వంచుకున్నాడు. "నేను పెట్టిన ఖాళీలే అక్కా," అన్నాడు. నన్ను చూసి, "ముందుగాల బయట పాడింది ఉంది గదన్నా, అది అక్కకు ఇయ్యి," అన్నాడు.

"మిషన్ల ఇని ఏడ్సుడు నేర్సుకుంటరా?" అంది స్వరూప. "మా అవ్వ ఉంది. ఆమె కాడ కూసుంట."

ఎవరూ అడగలేదు. డేనియల్ ఫోన్ తీసి, తన పేరు నలుగురికీ తెలిపిన ఆ ఒక్క పాటను యూట్యూబ్‌లోంచి తీసేశాడు. నకళ్లు ఎక్కడెక్కడో తిరుగుతున్నాయని మా ముగ్గురికీ తెలుసు. అయినా తీసేశాడు. ఇప్పుడతను మళ్లీ బడిలో పంతులే. కలిసినప్పుడల్లా అక్క ఎట్లుందని అడుగుతాడు.

నేను కత్తిరించి అతికించిన పాటను వినేవాళ్లు విని వదిలేస్తారు. పాడినవాళ్లు మాత్రం దాన్ని ఇంటికి తీసుకుపోవాలి, నేను కత్తిరించిన చోటల్లా ఆగుతూ బతకాలి. ఇన్నేళ్ల పనిలో ఈ సంగతి నాకు స్వరూప చెప్తేనే తెలిసింది. అందుకే ఇప్పుడు ఎవరు పాట తెచ్చినా మైకు పెట్టకముందు ఒక్కటి అడుగుతాను: ఈ పాటతో నీకు ఇంట్లో పని ఉందా? చాలామంది నవ్వుతారు. ఒకరిద్దరు మాత్రం కాసేపు ఆలోచించి, ఇది వద్దులే అన్నా, ఇంకోటి పాడుత అంటారు.