దిబ్బ మీద తలపాగా

నా చిన్నప్పుడు మా ఊరి పడవకు దారి చూపే పని మా తాతయ్యది. బోగోలు ఊరి అవతల సరుగుడు తోపు దాటితే ఇసుక దిబ్బ, దాని కింద సముద్రం. పొద్దున్నే వల ఎక్కించుకున్న పడవ అలల అవతలికి పోయి ఆగేది. తాతయ్య దిబ్బ మీద నిలబడి నీళ్ల రంగు చూసేవాడు. చేపల గుంపు వస్తే నీళ్లు ఒకచోట నల్లబడతాయి. పడవలో ఉన్నవాళ్లకు అది కనబడదు, ఎత్తున ఉన్నవాడికే కనబడుతుంది. ఆయన తువ్వాలు ఎటు ఊపితే పడవ అటు పోయేది, కిందికి దించితే వల పడేది. ఇన్నేళ్లు సినిమాలు తీశాక చెబుతున్నాను, దర్శకత్వం అంటే అంతే. మిగతాదంతా హంగామా.

ఆ దిబ్బ ఆడవాళ్లు ఎక్కకూడదు. ఒడ్డున పరిచిన వల దాటకూడదు. చేపలు ఒడ్డుకు వచ్చాక గంపలకెత్తుకుని ఊళ్ల మీద తిరిగి అమ్మడానికి మాత్రం ఏ అడ్డూ లేదు. మా మేనత్తకు ఇంకో కట్టుబాటు కూడా ఉండేది. పెళ్లయిన కొన్నాళ్లకే భర్త సముద్రంలో పోయాడు. అప్పటి నుంచి మా ఇంట్లోనే ఉంటూ, పడవ కదిలేటప్పుడు ఎవరి ఎదుటా పడేది కాదు. పడవ పోయాక తాతయ్యకు గంజి తీసుకెళ్లేది. గిన్నె అందించే నెపంతో దిబ్బ సగం దాకా ఎక్కేది. ఆ సగం ఎత్తు నుంచే నీళ్లు చదవడం నేర్చుకుంది. ఆ సంగతి మాకెవరికీ తెలియదు.

ఆ ఏడు వలలు ఖాళీగా వస్తున్నాయి. ఊళ్లో పలచటి గంజే అందరికీ భోజనం. ఒకరోజు తాతయ్య జ్వరంతోనే దిబ్బ ఎక్కాడు. నేనూ అత్తా గంజి తీసుకెళ్లేసరికి చొక్కా తడిసిపోయి, దిబ్బ సగంలో ఇసుకలో కూలబడి వణుకుతున్నాడు. అత్త గిన్నె కింద పెట్టి ఆయనను లేపబోయి, సముద్రం వైపు చూసి ఆగిపోయింది.

"నాయనా, దక్షిణంగా నల్లగా కదలతా ఉంది. లెయ్యి నాయనా, దాటిపోతాది."

తాతయ్య లేవడానికి రెండుసార్లు ప్రయత్నించాడు. కాళ్లు నిలవలేదు. అత్త ముఖంలోకి కాసేపు చూశాడు. తర్వాత తలపాగా విప్పి ఆమె చేతిలో పెట్టాడు. చొక్కా కూడా తీసి ఇచ్చాడు. అత్త చీర మోకాళ్ల పైకి ఎగదోపి, చొక్కా తొడుక్కుని, తలపాగా చుట్టి దిబ్బ కొసకెక్కింది. ఆయన పక్కన పడి ఉన్న తువ్వాలు తీసి పైకెత్తింది. అంత దూరాన ఉన్న పడవ ఆమె చెయ్యి ఎటు పోతే అటు తిరిగింది. మా అత్త అంత పొడుగు మనిషని నాకు ఆరోజే తెలిసింది.

వల లాగడానికి ఊరంతా కావలసి వచ్చింది. అప్పటికి తాతయ్య వంటి మీద చొక్కా, తల మీద తలపాగా మళ్లీ వచ్చేశాయి. అత్త గంప పట్టుకుని ఆడవాళ్ల మధ్య కూర్చుంది. పడవ దిగిన వల పెద్ద వచ్చి తాతయ్య భుజం పట్టుకున్నాడు.

"ఇంత జరంలో కూడా నీ చూపు తప్పలేదే, పెద్దాయనా!"

తాతయ్య తల వంచుకుని "ఆఁ" అన్నాడు. నేను నోరు తెరవబోయాను. అత్త నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే నా గాజు ఒకటి విరిగి గుచ్చుకుంది.

ఇంటికి పోతూ నేను ఏడుస్తుంటే చెప్పింది. "రేపు వల ఖాళీగా వస్తే, ముండమోసింది దిబ్బెక్కింది గాబట్టే అంటారు. పెద్దాయన పేరుంటే సముద్రాన్ని తిట్టుకుంటారు. నువ్వు చూసినావు గదా మే. చాల్లే."

ఆ పాఠం నేను బాగా ఒంటబట్టించుకున్నాను. సినిమాల్లోకి వచ్చాక హీరోకి షాట్ నేను చెబితే నచ్చేది కాదు, అదే మాట కెమెరామన్ చెబితే నచ్చేది. కాబట్టి కెమెరామన్ చెవిలో చెప్పేదాన్ని. మగవాడి సినిమా ఆడకపోతే ఆ సినిమా బాగాలేదంటారు. నాది ఆడకపోతే ఆడవాళ్లకు చేతకాదంటారు. మొదటి సినిమాకు డబ్బు పెట్టినవాళ్లు ఒక పేరున్న పెద్దమనిషిని తెచ్చి, దర్శకత్వ పర్యవేక్షణ అని ఆయన పేరు వేశారు. ఆయన సెట్‌కు వచ్చి టీ తాగి, కుర్చీలో కునుకు తీసి వెళ్లేవాడు. నేను కిమ్మనలేదు. సినిమా బయటికొస్తే చాలనుకున్నాను.

ఆ సినిమా చూపించడానికి అత్తను కావలి టౌనుకు తీసుకెళ్లాను. ఆమెకు చదువు రాదు. పేర్లు పడుతుంటే నీదేదమ్మా అని అడిగింది. వేలు పెట్టి చూపించాను. పైన అంత పెద్ద అక్షరాలతో ఉండేది ఎవరిదని అడిగింది.

"పెద్దాయన పేరు లే అత్తా. ఉంటే మంచిదని పెట్టినారు."

అత్త ఆ రోజు ఒడ్డున పట్టుకున్న చెయ్యే మళ్లీ పట్టుకుంది.

"నేర్పకూడనిది నేర్పినానే తల్లీ," అంది. సినిమా అంతా ఏడుస్తూనే ఉంది, నవ్వాల్సిన చోట్ల కూడా.

ఆ తర్వాత నా పేరు మీద ఇంకో పేరు ఒప్పుకోలేదు. ఒప్పుకోనందుకు ఏళ్ల తరబడి ఖాళీగా కూర్చున్నాను. రాసుకున్న కథలు పాతబడిపోయాయి, పొగరుబోతునని పేరు మాత్రం వచ్చింది. ఇంకో సినిమా దొరికి, తెర మీద నా పేరు ఒక్కటే పడేనాటికి అత్త పోయింది. హాల్లో చప్పట్లు కొట్టారు. నాకు అవి చేపలు ఒడ్డుకొచ్చాక వినబడే అరుపుల్లాగే అనిపించాయి. ఆరోజు దిబ్బ మీద అత్తను చూడటానికి నేనున్నట్టు, నన్ను చూసిన మనిషి ఒక్కరు పక్కన ఉంటే చాలనిపించింది.

ఇప్పటికీ పేర్లు పడుతున్నంతసేపూ నా చెయ్యి పక్క సీటు మీదికి పోతుంది.