బిందెలన్నీ బొంగురుపోయిన ఏడాది

ఆ రోజుల్లో నాకు ముప్పై ఏళ్లు కూడా నిండలేదు కానీ, కోపం మాత్రం డెబ్బై ఏళ్ల ముసలాయనకు సరిపడా ఉండేది. లోకంలో ఏదీ మునుపటిలా లేదన్నది నా ఫిర్యాదు. కిషన్‌బాగ్‌లో మా ఇంటి కుక్కర్ కూతపెట్టడం మానేసింది (పాడైందనుకుని రెండుసార్లు కొత్త విజిల్ కొనుక్కొచ్చాను). పిచ్చుకలు నోరు మూసుకున్నాయి. ఆడవాళ్లు, పిల్లలు నోట్లో అన్నం ముద్ద పెట్టుకున్నట్టు గొణుగుతున్నారు. మా ఇంటామె వచ్చి భుజం తట్టి, "ఏమయ్యా, మూడుసార్లు పిలిచిన, పలకవేంది?" అంటే, "పిలిచేది గట్టిగ పిలువరాదు, నోరు లేదా నీకు?" అని నేనే ఎదురు తిరిగేవాణ్ని. ఇవన్నీ ఒక ఎత్తు, ఇత్తడి మోగడం మానేయడం ఒక ఎత్తు. అది నా కూటికి సంబంధించిన సంగతి.

నేను బేగంబజార్‌లో ఒక ఇత్తడి సామాన్ల దుకాణంలో పనిచేసేవాణ్ని. నా పని వినడం. వేళాకోళం కాదు, సేటు నాకు జీతమిచ్చేదే అందుకు. తయారైన ప్రతి బిందెనూ అంచు పట్టుకుని పైకెత్తి, వేలి కణుపుతో ఒక్కటి కొట్టాలి. ఖంగుమంటే మంచిది, దుకాణంలోకి పోతుంది. బొంగురుగా మోగిందంటే కంటికి కనపడని పగులు ఎక్కడో ఉన్నట్టే, పక్కన పెట్టాలి. పదేళ్లుగా నేను కూర్చునే ఆ గద్దె మీద నా మాటే ఆఖరి మాట. బజారంతా నన్ను 'కాన్‌వాలా' (చెవులవాడు) అనేది. ఆ పిలుపు విన్నప్పుడల్లా నా మెడ ఒక అంగుళం సాగేది. ఆ బిందెలు తయారుచేసేది ముసలి చాచా. నా గద్దె పక్కనే కూర్చుని పొద్దంతా సుత్తెతో మోగించేవాడు. ఎవరు పలకరించినా ఒక పట్టాన పలకడు. పెద్ద పనిమంతుడు కదా, గర్వమని అందరం అనుకునేవాళ్లం.

ఆ ఏడాది చాచా బిందెలు వరసబెట్టి బొంగురుపోయాయి. నేను తీసి పక్కన పెడుతున్నవి కుప్పయి నడుమెత్తు లేచాయి. నాకు ఒళ్లు మండిపోయేది. తాతల నాటి పనిని ఇట్లా చెడగొడతాడా! ఒకరోజు అతని ముందుకు పోయి మొహం మీదే కడిగేశాను. "చాచా, నీ చేతిల దమ్ము అయిపోయింది."

"అరే, గట్లంటవేంది బేటా? గదే రేకు, గదే సుత్తె, గదే చెయ్యి."

"మరి మోత ఏది?"

సేటు నా మాటే నమ్మాడు. పదేళ్ల చెవిని కాదని ఎవరి మాట నమ్ముతాడు? "చాచా, గీ నెల దాక చూస్త. తర్వాత వేరే కార్ఖానా సరుకు తెప్పిస్త" అన్నాడు.

చాచా లొల్లి పెట్టుకోలేదు. మర్నాడు పొద్దున్నే వచ్చి, నేను తీసేసిన బిందెలన్నిటినీ దుకాణం ముందు వరసగా పెట్టాడు. ఒక్కో బిందె కింద పాత పేపరు పరిచి, నిండా నీళ్లు పోశాడు. పక్క దుకాణాల వాళ్లు, హమాలీలు వచ్చి చుట్టూ చేరారు. సాయంత్రానికి ఒక్క పేపరూ తడవలేదు. తడవకపోతే? "నీళ్లు ప్లాస్టిక్ బకెట్ల గూడ ఆగుతయ్! ఇత్తడంటే మోగాలె!" అని నడిబజారులో అరిచాను. సేటు నన్ను ఎగాదిగా చూసి, "భాయ్, పగులు బిందెలకు లేదు. పోయి చెవులు చూపించుకో. మంచిగున్నయని కాయితం తెస్తెనే గద్దె" అన్నాడు. పదేళ్లు ఇత్తడికి పరీక్ష పెట్టిన చెవికి పరీక్షట!

సంతోష్‌నగర్‌లో చెవుల పరీక్ష చేసే మేడమ్ నన్నొక చిన్న గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్ తగిలించి, చేతికొక బటన్ ఇచ్చింది. "ఎంత సన్నగ వినపడ్డా సరే, నొక్కాలె అన్నా" అని చెప్పి గాజు కిటికీకి అవతల కూర్చుంది. ఇక్కడే నా బజారు బుద్ధి బయటపడింది. బేగంబజార్‌లో బేరం చేసేవాడు ఎదుటివాడి మాట వినడు, చెయ్యి చూస్తాడు. (నోరు 'కుదరదు' అంటూనే ఉంటుంది, చెయ్యి అప్పటికే సరుకు కట్టడానికి సుతిలి వెతుకుతుంటుంది.) గాజులోంచి మేడమ్ మోచేయి కనపడుతోంది. అది కదిలినప్పుడల్లా నొక్కాను. నా గద్దె నిలబడితే చాచా పని పోతుందన్న సంగతి తట్టకపోలేదు. తట్టినా నొక్కాను.

కాసేపటికి మేడమ్ తలుపు తీసుకుని వచ్చింది. "అన్నా, ఆఖరి ఐదుసార్లు నేను సౌండే ఇయ్యలే. ఉత్తగనే చెయ్యి కదిపిన."

నా కోపం నషాళానికంటింది. "సదువుకున్నోళ్లు మీరు గూడ గిట్ల మోసం చేస్తరా?" అని లేచాను. ఆమె నవ్వలేదు. నన్ను మళ్లీ కూర్చోబెట్టి, కుర్చీని గోడ వైపు తిప్పింది.

బటన్ మీద బొటనవేలు పెట్టుకుని గోడకేసి చూస్తూ కూర్చున్నాను. మొదట కొన్ని మోటు శబ్దాలు వచ్చాయి, నొక్కాను. ఆ తర్వాత ఏమీ లేదు. ఎంతసేపటికీ ఏమీ లేదు. మేడమ్ చాయ్‌కి వెళ్లినట్టుంది. ఫీజు తీసుకుని ఇంత నిర్లక్ష్యమా, ఇవాళ అటో ఇటో తేల్చేస్తానని గిర్రున వెనక్కి తిరిగాను. ఆమె అక్కడే ఉంది. వేలు మీట మీదే ఉంది. నొక్కుతూనే ఉంది.

ఆ ఏడాదంతటిలో మొదటిసారి నాకు కోపం రాలేదు. భయం వేసింది.

"లావు సౌండ్లు మంచిగనే వినపడుతున్నయ్. సన్నయి పోయినయ్, మళ్ల రావు. మిషన్ పెట్టుకోవాలె" అని, నేనెక్కడ పనిచేస్తానో అడిగింది. చెప్పాను. అది కూడా కాయితం మీద రాసి చేతికిచ్చింది. బిందె ఖంగుమన్నప్పుడు చివర్న సాగే ఆ సన్నటి మోతే కదా నేను పదేళ్లు విన్నది!

సేటు దగ్గరికి పోకముందే చాచా దగ్గరికి పోయాను. కాయితం అతని చేతిలో పెట్టి, "నీ బిందెలు మంచియే చాచా. చెడింది నా చెవి" అన్నాను, బజారు సగం వినేంత గట్టిగా. తిడతాడనుకున్నాను, తిడితే బాగుండుననీ అనుకున్నాను. అతను కాయితాన్ని అటూ ఇటూ తిప్పి (చదువు రాదు), మడిచి నా జేబులోనే పెట్టాడు. "నా చెవులు గీ సుత్తె మోతకు ఎన్నడో పోయినయ్ బేటా. చేతికి తెలుస్తది గదా అని ఎవ్వరికి చెప్పలే. నా పక్కపొంటి కూసున్నోనివి, నీకన్న చెప్పాల్సుండె. మాఫ్ చెయ్" అన్నాడు. అంతవరకు అతను ఎవరినైనా మాఫ్ చెయ్యమని అడగ్గా నేను వినలేదు. అడగవలసింది నేను.

చాచా బిందెలు దుకాణంలోకి తిరిగొచ్చాయి. గద్దె ఇంకొకరికి పోయింది, దాన్ని సుత్తెకు దూరంగా జరిపించింది మాత్రం నేనే. ఇప్పుడు రెండు చెవులకూ మిషన్లు పెట్టుకుని గిరాకీలకు బిందెలు చూపిస్తుంటాను. మా కుక్కర్ ఇరుగుపొరుగు ఉలిక్కిపడేలా కూస్తోంది. గోడకేసి కూర్చుని, బటన్ పట్టుకుని, లోకాన్నంతా తిట్టుకుంటున్న ఆ కుర్రవాడు ఎప్పుడైనా గుర్తొస్తే నవ్వొస్తుంది. ఒరేయ్, తప్పు లోకానిది కాదురా అని వెనక నుంచి ఒక్క కేక వెయ్యాలనిపిస్తుంది. వేసినా, వాడికి వినపడదు.