టైలరన్న లోపల వదిలిన గుడ్డ

మంగళవారం మూడో పీరియడ్‌లో ఉండగా కబురు వచ్చింది. మా వీధి టైలరన్న ఆసుపత్రిలో పోయాడట. ఎదురుగా బెంచీల మీద కూర్చున్న పిల్లల్లో సగంమంది ఒంటి మీద ఆయన కుట్టిన యూనిఫారాలే. ఆ పూట ఇక పాఠం చెప్పలేకపోయాను.

ఆత్మకూరులో ఆయన అంగడి మా ఇంటికి నాలుగు గుమ్మాల అవతల. పిల్లలకు ఏది కుట్టినా అంచులో రెండు వేళ్ల గుడ్డ లోపలికి మడిచి వదిలేవాడు. అంత ఎందుకన్నా అంటే, "పిల్లోళ్లు ఇట్నే ఉంటారా మేడం? పెరగతారు. మనమే చోటు ఉంచాల" అనేవాడు.

తాగేవాడు, దాచడమెందుకు. ఆ రోజుల్లో కాలరు ఒకవైపు, బొత్తాలు ఒకవైపు. మూడేళ్ల కిందట మానేశాడు. పొద్దు వాలేసరికి మిషన్ దగ్గరే కూర్చుని వేయించిన శనగలు నమిలేవాడు. "నోరు ఊరికే ఉంటే కాళ్లు అటు నడస్తాయి మేడం" అని నవ్వేవాడు. మళ్లీ ముట్టలేదు పాపం. కానీ కాలేయం అప్పటికే చెడిపోయింది. మార్చాల్సిందేనన్నారు డాక్టర్లు.

ఇక చూడండి, టీ అంగడి దగ్గర తీర్పులు! "తాగి పోగొట్టుకున్నోడికి ఇంకోటి ఏందిరా? దాన్నీ తాగేస్తాడు." బీడీలు కాల్చి కాల్చి గుండెకు స్టెంటు వేయించుకున్న మా పెదనాన్న కూడా అవునవునని తలూపాడు. ఆయన్ను మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు.

వాళ్లను అనడానికి నాకేం నోరుంది? తన కాలేయంలో కొంత ఇస్తానని సీతారామపురం నుంచి ఆయన చెల్లెలు వచ్చింది. పరీక్షలకు పోబోతూ నా దగ్గర ఆగి, "మీరు చదువుకున్నోళ్లు. ఇయ్యొచ్చా మేడం?" అని అడిగింది.

"మళ్లీ తాగితే? నీ పిల్లల సంగతి చూసుకోమ్మా" అన్నాను. అన్నది నేనే. ఆమె ఉదయగిరి మీదుగా పోయే బస్సెక్కి ఊరికి వెళ్లిపోయింది. రెండు నెలలకు మనసొప్పక మళ్లీ వచ్చింది. అప్పటికే ఆయన ఒళ్లు ఆపరేషన్‌కు తట్టుకోదన్నారు.

చూడ్డానికి వెళ్లి, మంచం పక్కన నిలబడి, చెల్లెలితో నేనన్న మాట చెప్పి, "నన్ను క్షమించన్నా" అని ఏడ్చాను.

"మీరన్న దాంట్లో తప్పేముండాది మేడం. నన్నెరిగినోళ్లు ఎవురైనా అట్నే అంటారు" అన్నాడు. గొంతులో కోపం లేదు. మళ్లీ తనే, "ఈ మూడేండ్ల సంగతి గూడా ఒక మాట చెప్పుంటే బాగుండు. శనగలు తినేది మీరు రోజూ చూసినారు గదా" అన్నాడు.

మొన్న ఆదివారం మా పాప స్కూలు గౌను పొట్టిదైందంటే అంచు కుట్టు విప్పాను. పైగుడ్డ ఉతికి ఉతికి వెలిసిపోయింది. మడత లోపల రెండు వేళ్ల నీలం, కొన్ననాటిలాగే ఉంది.