కల్లం లేని ఊళ్లో బస్సుబాట

"వచ్చే పంట నాటికి మీ కల్లం మీకుంటది" అని, తెలంగాణ వచ్చిన కొత్తలో, మా ఊరి సర్పంచి పంచాయతీ ఆఫీసు ముందు నిలబడి రైతులకు మాట ఇచ్చాడు. ఆ మాట నిలబడలేదు. ఈ కోతల్లోనే ఒక సాయంత్రం మా బావ పోయాడు. ఈ రెండింటికీ ఏం సంబంధమని మీరు అడుగుతారు. అది చెప్పడానికే రాస్తున్నాను. ఆ సర్పంచి పేరు కూడా చెబుతాను, చివర.

బావ అంటే మా అక్క భర్త. మా ఊరి బడిలోనే హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యాడు. ఊరంతా పెద్దసారు అనేది. అక్క పోయాక ఒకే గోడకు అటు ఆయన, ఇటు నేను. రోజూ పొద్దున చాయ్ తాగి, ఇస్త్రీ చేసిన తెల్ల అంగీ తొడుక్కుని బస్టాపు దాకా నడిచేవాడు. బస్సెక్కడానికి కాదు, ఎక్కేవాళ్లను చూడటానికి. తిరిగొచ్చి గోడ మీదుగా నాకు చెప్పేవాడు: "ఇయ్యాల కాలేజీ ఆడివిల్లలు కూసోని పోయిండ్రు." పిల్లలు ఫుట్‌బోర్డు మీద వేలాడుతూ వెళ్లిన రోజు ఆయనకు అన్నం సయించేది కాదు.

పాలమూరు పట్టణం పెరుగుతూ పెరుగుతూ మా ఊరి దాకా వచ్చింది. కాలేజీలొచ్చాయి, కంపెనీలొచ్చాయి, వెంచర్లొచ్చాయి. రోడ్డు మాత్రం అదే. అప్పుడు అధికారులు వచ్చి రెండు దారులు చెప్పారు. ఒకటి, రెండు వైపులా సిమెంటు గట్లు కట్టి బస్సులకే వదిలే బాట. రెండోది, ఊరి వెనక నుంచి పట్టణంలోకి రైలు. బాట కావాలంటే రోడ్డు పక్కనున్న కల్లం, అంటే ఊరంతా వడ్లు ఆరబోసుకునే జాగా, వదులుకోవాలి.

నాది రైలు పక్షం. గ్రంథాలయంలో ఉద్యోగం చేస్తూ లోకంలోని పట్టణాల గురించి కావలసినంత చదివాను. బాటను ఇవాళ వేసినవాడు రేపు చెరిపేస్తాడు. పట్టాలు పీకాలంటే ఎవడైనా రెండుసార్లు ఆలోచిస్తాడు. బావ ఒప్పుకోలేదు.

"రైలొచ్చేసరికి ఇప్పుడు బడికి పోయే పోరి అవ్వ అయితది, బామ్మర్దీ. బాటయితే ఏడాదిల పనికొస్తది. అంబులెన్సు గూడ అండ్లకెళ్లే పోవచ్చు. పట్టాల మీద పోతదా?"

"పోదు. కానీ పట్టాల మీద ఎవడూ వడ్లు ఆరబొయ్యడు గద బావా."

"మనూరోళ్లు నీకింకా ఎరుకలేరు. పట్టాల నడుమ గూడ పోస్తరు. రైలొచ్చే టయానికి సాపలెక్క సుట్టి పక్కకు పెడ్తరు!"

ఆ రోజు ఇద్దరం కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాం.

రైతులు కల్లం ఇచ్చేది లేదన్నారు. గుట్ట కింది ఊరుమ్మడి జాగాలో కొత్త కల్లం కట్టిస్తానని సర్పంచి మాట ఇచ్చాడు. అతని మాట నమ్మి ఎవరూ కదల్లేదు. బావ ఇల్లిల్లూ తిరిగి చెబితే కదిలారు. వాళ్లిచ్చింది ప్రభుత్వానికి కాదు, పెద్దసారుకు.

బాట వచ్చింది. కొన్నాళ్లు బస్సులు నిజంగానే ఎక్కడా చిక్కుకోకుండా పోయాయి. నేను ఓడిపోయానని ఆయన ఒక్కసారి కూడా ఎత్తిపొడవలేదు, అది ఆయన పెద్దరికం. తర్వాత కోతలొచ్చాయి. కొత్త కల్లం రాలేదు. తేమ ఉన్న వడ్లను కొనుగోలు కేంద్రంలో తీసుకోరు. నున్నగా, ఎండ పడేలా ఉన్నది బస్సుబాటే. పైగా అది వాళ్ల జాగానే. అక్కడే పోశారు, చుట్టూ రాళ్లు పెట్టారు. బస్సులు మళ్లీ కార్ల మధ్యకే పోయాయి. ప్రతి పంటకూ ఇదే. నేను రైతులను తిడితే బావ ఆపేవాడు: "ఆళ్లననకు. మాట తప్పింది ఆళ్లు గాదు." కల్లం కోసం ఆయన తిరగని ఆఫీసు లేదు.

ఆ సాయంత్రం ఆయనకు ఛాతీలో నొప్పి వచ్చింది. అంబులెన్సులో పక్కన నేనే కూర్చున్నాను. రోడ్డు నిండా వాహనాలు. మొదట్లో ఖాళీగా ఉందని డ్రైవర్ బస్సుబాటలోకి తిప్పాడు. కొంత దూరం పోగానే ఎదురుగా వడ్ల కుప్పలు. రెండు పక్కలా గట్లు. వెనక, మా వెంటే తిరిగిన ఒక బస్సు.

"ఆగిందేంది?" అన్నాడు బావ.

"వడ్లు, బావా."

"తొక్కకుమను. మొగులైంది, తడిస్తె ఆళ్లకు ఏం మిగలది."

డ్రైవర్ హారన్ మోగించాడు. ఆడవాళ్లు, మగవాళ్లు ఉరికొచ్చి చేటలతో, పారలతో, వట్టి చేతులతో వడ్లు పక్కకు లాగారు. ఒక ముసలామె అద్దంలోంచి ఆయన ముఖం చూసి, "అయ్యో, మా పెద్దసారా! మా చేతులతోని మేమే సంపుకుంటిమా సారూ!" అని రొమ్ము బాదుకుంది. దారి దొరికింది. దవాఖాన గేటు కనబడుతుండగా నా చేతిలో ఆయన చెయ్యి బరువెక్కింది.

దినం నాడు బావ కొడుకు నా పక్కన కూర్చున్నాడు. "బస్సుబాట ఫెయిలైంది మామా. రైలే మేలని నువ్వు అప్పుడే అంటివి. గదే పేపరుకు రాయి. బాట తీసేస్తే రోడ్డు పెద్దగైతది, వెంచర్లకు గూడ మంచిది" అన్నాడు.

రాయను. బాట ఓడిపోలేదు. దాన్ని నిలబెట్టే మాట ఓడిపోయింది. రేపు రైలొచ్చినా ఇట్లాంటివాళ్లే మాట ఇస్తారు. అప్పుడు పట్టాలు కూడా నిలవవు. ఈ ముసలితనంలో నేను మార్చుకున్న అభిప్రాయం ఇదొక్కటే, ఆ మార్పు బావ పెట్టిన భిక్ష.

నాకిప్పుడు భయం. గుండెకు మందులు మింగుతున్నవాణ్ణి. ఎక్కడ సైరన్ వినబడినా లేచి కూర్చుని, అది ఎక్కడైనా ఆగుతుందేమోనని వింటాను. చావుకు కాదు, దారిలో ఆగిపోవడానికి భయం. నిన్న మునిమాపున బస్టాపు దాకా నడిచాను, ఆయన నడిచినట్టే. బాట పొడవునా వడ్ల మీద టార్పాలిన్లు కప్పి ఉన్నాయి, వరుసగా పడుకోబెట్టి ముఖాల మీదికి దుప్పటి లాగిన మనుషుల్లా. దూరాన గుట్ట కింద, కల్లం రావలసిన చోట, ప్లాట్ల హద్దురాళ్లు తెల్లగా మెరుస్తున్నాయి. అవి పాతించినవాడే ఆనాటి సర్పంచి. మా బావ కన్నకొడుకు, నా మేనల్లుడు శ్రీశైలం.