గౌరి నేర్చుకున్న వీధి

2022 మే నెల. సికింద్రాబాద్‌కు దగ్గర్లోని ఏ.ఎస్. రావు నగర్‌లో ఒక మందుల షాపు పైన నాకు చిన్న ఆఫీసు ఉండేది. ఇళ్లు చూపించడం, అమ్మేవాళ్లనూ కొనేవాళ్లనూ కలపడం నా పని. అప్పటికి పన్నెండేళ్లుగా చేస్తున్నాను. గుమ్మంలో నిలబడ్డ మనిషి ముఖం చూస్తే ఆ ఇల్లు నచ్చిందో లేదో చెప్పేయగలనని కాస్త గర్వం కూడా ఉండేది.

ఆ నెలలో రమణ, గౌరి వచ్చారు. విజయనగరం వైపువాళ్లు. పదేళ్లుగా సికింద్రాబాద్‌లో అద్దె ఇళ్లలో ఉంటున్నారు. రమణ లిఫ్టులు సర్వీసింగ్ చేసే కంపెనీలో సూపర్‌వైజర్. గౌరి ఇంట్లోనే పిల్లలకు లెక్కల ట్యూషన్ చెబుతుంది. ముప్పై ఐదేళ్లుంటాయేమో.

"గేటెడ్ కమ్యూనిటీలోనే చూపించండి మేడమ్. సెక్యూరిటీ ఉండాలి" అన్నాడు రమణ. చుట్టూ ప్రహరీ, గేటు దగ్గర కాపలా ఉండే అపార్ట్‌మెంట్లను మా వృత్తిలో అలా అంటాం.

మొదటి సైట్ విజిట్ యాప్రాల్‌లో. ఐదో అంతస్తు, కొత్త ఫ్లాట్, గాలీ వెలుతురూ బాగున్నాయి. రమణ ప్రతి కుళాయీ తిప్పి చూశాడు. గౌరి మాత్రం గదుల్లోకి సరిగ్గా తొంగి కూడా చూడలేదు.

"గేటు బయట కూరలు ఎక్కడ దొరుకుతాయండి?" అని మాత్రం అడిగింది.

"బయటికెందుకు పోవాలమ్మా? ఫోన్ల ఆర్డర్ పెడితే పది నిమిషాలల్ల తలుపు దగ్గరికే తెచ్చిస్తరు" అన్నాను.

ఆమె ఇంకేమీ అడగలేదు. తర్వాత చూపించిన రెండుచోట్లా అంతే. ఈమెకు అసలు ఇల్లు కొనడమే ఇష్టం లేదని నేను తేల్చేసుకున్నాను.

నాలుగోసారి బొల్లారం వైపు వెళ్లాం. రమణ కారును నీడలో పెట్టడానికి వెళ్లాడు. నేనూ గౌరీ నడుస్తున్నాం. రోడ్డు పక్క మురుగు పారే మోరీ మీద ఒక పలక ఊడిపోయి ఉంది. పట్టపగలు, అంత పెద్ద కంత. అయినా గౌరి కాలు నేరుగా అందులోకి దిగింది. మోకాలు గీసుకుపోయి రక్తం వచ్చింది.

"ఏందమ్మా, చూసి నడవొద్దా?" అన్నాను, కొంచెం విసుగ్గానే. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఒక అరుగు మీద కూర్చోబెట్టి నీళ్లిచ్చాను. ఆమె రెండు గుక్కలు తాగింది.

"కనబడలేదక్కా" అంది తర్వాత. అప్పటిదాకా నన్ను మేడమ్ అనేది. "ఎదరున్నది కనబడతాది. పక్కన, కింద ఏటున్నాదో తెలీదు. గొట్టంలోంచి చూసినట్టుంటాది. ఆ గొట్టం ఇంకా సన్నబడిపోతాదని డాక్టరుగారు చెప్పేరు. ఎన్నేళ్లకో చెప్పలేరట."

"సార్ నాకు చెప్పనే లేదు గదా!"

"చెప్తే మీరు జాలిపడతారని ఆయనకి ఇబ్బంది. నన్ను గేటు లోపల పెట్టేస్తే ఆయనకి నిశ్చింత. నాకేమో, చూపున్నప్పుడే ఒక వీధి నేర్చేసుకోవాలని ఉందక్కా. తరవాత కూడా నా కూరలు నేనే తెచ్చుకోవాలి."

చున్నీ కొస తడిపి మోకాలు తుడిచాను. ఇంతలో రమణ వచ్చాడు. మా ఇద్దరినీ చూడగానే విషయం బయటపడిందని అతనికి అర్థమైంది. తిరుగు దారిలో కారు నడుపుతూ అన్నాడు.

"నేను ఊరికి ఆ చివర్న ఏ లిఫ్టు దగ్గరో ఉంటాను మేడమ్. తనకి రోడ్డు మీద ఏదైనా అయితే పరిగెత్తుకొచ్చినా గంట పడతాది."

వెనక సీట్లోంచి గౌరి అతని భుజం మీద చెయ్యి వేసింది. ఇద్దరిలో ఎవరిది తప్పు అనగలను?

మర్నాటి నుంచి నేను ఇళ్లు వెతకడం మానేసి వీధులు వెతకడం మొదలుపెట్టాను. ఏ ఫ్లాట్ ఎన్ని చదరపు అడుగులో నోటికి చెప్పగలిగేదాన్ని. ఏ వీధిలో మోరీలు మూసి ఉన్నాయో, నీళ్ల ట్యాంకర్లు ఎటు తిరుగుతాయో మాత్రం తెలియదు. స్కూటీ పక్కన పెట్టి నడిచాను. పన్నెండేళ్లలో అలా నడవడం అదే మొదటిసారి.

మూడు వారాల తర్వాత మా ఆఫీసుకు దగ్గర్లోనే ఒక పాత కాలనీలో రీసేల్ ఫ్లాట్ దొరికింది. అంటే ఒకరు కొన్నేళ్లుండి అమ్ముతున్నది. గ్రౌండ్ ఫ్లోర్. రమణ ముఖం చిట్లించాడు. "వంటింట్లో పగలే లైటెయ్యాలి మేడమ్. గోడకి చెమ్మ కూడా ఉంది" అన్నాడు. రెండూ నిజమే. నేను దాచలేదు.

"ఇల్లు సంగతి తర్వాత మాట్లాడుదం సార్. ఒక్కసారి బయటికి రండి" అన్నాను.

వీధి తిన్నగా ఉంటుంది. మోరీలన్నీ మూసి ఉన్నాయి. ఆ చివర కూరగాయల కొట్టు. గౌరి కళ్లు తెరిచి రెండుసార్లు అటూ ఇటూ నడిచింది. మూడోసారి గేటు దగ్గర ఆగి కళ్లు మూసుకుంది. కుడిచేత్తో ప్రహరీగోడ తడుముతూ బయలుదేరింది. రమణ ముందుకు ఒక అడుగు వేశాడు. నేను అతని మోచెయ్యి పట్టుకుని ఆపాను.

సగం దూరంలో ఇస్త్రీ బండి ఉంది. నిప్పుల పెట్టెతో చొక్కా రుద్దుతున్న పెద్దామె తలెత్తి కేకేసింది.

"ఓ బిడ్డా, జెర ఎడమకు జరుగు! నీ ముంగట నా బండి ఉన్నది."

గౌరి ఎడమకు జరిగి నిలబడింది. కళ్లు తెరవలేదు. "ఎవరండీ?"

"యాదమ్మను. ఇస్త్రీ చేస్త. ఏందీ, కండ్లు మూసుకొని నడుస్తున్నవ్?"

"నేర్చుకుంటున్నానండి."

"ఏం నేర్చుకుంటున్నవ్?"

"మీ వీధి."

యాదమ్మ ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టింది. ఏం అర్థమైందో ఏమో, ఇంకొక్క ప్రశ్న అడగలేదు. "గట్లనా? అయితే సీదా పో. ఇరవై అడుగులకు కరెంటు స్తంభం వస్తది. నేను చూస్తున్నలే, పో" అంది.

గౌరి కొట్టు దాకా వెళ్లి ఒక కొత్తిమీర కట్ట కొనుక్కుని కళ్లు తెరిచింది. అక్కడి నుంచే దాన్ని పైకెత్తి మాకు చూపించింది. రమణ కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడిచాడు. తర్వాత, "ఓనర్‌తో మాట్లాడండి మేడమ్. చెమ్మ సంగతి నేను చూసుకుంటాను" అన్నాడు.

మొన్న వర్షాకాలంలో ఆ కాలనీలోనే వేరే ఫ్లాట్ చూడటానికి వెళ్లాను. వీధంతా చీలమండల దాకా నీళ్లు. ఎటు అడుగు వేయాలో తెలియక గొడుగు పట్టుకుని మొదట్లోనే ఆగిపోయాను. తెల్ల కర్రతో గౌరి వస్తోంది. చూపు దాదాపు పోయింది. నేను పిలిస్తే గొంతు పోల్చుకుని నవ్వి, చెయ్యి చాపింది.

"నా యెనకాలే రండక్కా. ఈ గోడవారన మిట్ట ఉంది, నీళ్లు నిలవవు."

ఆమె చెయ్యి పట్టుకుని వెళ్లాను. కాళ్లు తడవలేదు.

ఇప్పుడు ఇల్లు కావాలని ఎవరొచ్చినా ఎన్ని గదులు కావాలని ముందు అడగను. ఆ ఇంట్లోంచి రోజూ కాలినడకన బయటికి వెళ్లేది ఎవరు, ఎక్కడికి వెళ్తారు అని అడుగుతాను. నచ్చిన ఇంటికి నేను లేకుండా, కారు లేకుండా ఇంకోసారి వెళ్లి రమ్మంటాను. వీధిలో ఎవరితోనైనా నాలుగు మాటలు మాట్లాడి రమ్మంటాను. కొందరు నవ్వి ఊరుకుంటారు. వెళ్లొచ్చినవాళ్లు మాత్రం గదుల గురించి తక్కువ, మనుషుల గురించి ఎక్కువ చెబుతారు.