మోసింది నేను కాదు

గల్ఫ్‌లో అల్ హైల్ అనే చోట ఒక హాలులో, స్వాతంత్ర్య దినం పేరుతో తెలుగు కుటుంబాలు కలుసుకున్న సాయంత్రం, నా భుజాల మీద శాలువా కప్పారు. ఈ వయసులో నాకు అంత సిగ్గు వేస్తుందని నేను అనుకోలేదు.

నేను సోహార్‌లో ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర సెక్యూరిటీ సూపర్‌వైజర్‌ని. అంతకు ముందు సైన్యంలో పనిచేశాను. మా ఫ్యాక్టరీకి తనిఖీకి వచ్చిపోయే ఇంజినీరుగారు ఒకరున్నారు. కోస్తా మనిషి. నేను మంచుకొండల్లో ఉండి వచ్చానని ఎవరో చెప్పగా విని, గేటు దగ్గర కారు ఆపి మరీ పలకరించేవారు. ఆ రోజు తన కారులోనే నన్ను సభకు తీసుకెళ్లారు. దారిలో సహం అనే ఊరి దగ్గర చాయ్‌కి ఆగాం. బయట ఎండ కళ్లు తెరవనివ్వడం లేదు. ఆయన కారులో ఏసీ పెంచి, "ఇప్పుడు చెప్పండి ఆ మంచు సంగతి" అన్నారు.

"ఒకసారి ఒకనికి ఊపిరితిత్తులల్ల నీళ్లు నిండినయ్ సార్. హెలికాప్టర్ రాలే. మావోళ్లు స్లెడ్జి మీద గుంజుకుంట కిందికి తెచ్చిన్రు" అన్నాను.

"బతికాడా?"

"బతికిండు సార్."

ఆ ఒకడు నేనే అన్న మాట నాలుక దాకా వచ్చి ఆగిపోయింది. ఎందుకు ఆగిందో చెప్పాలంటే అక్కడ జరిగింది చెప్పాలి.

మా పోస్టు అంటే మంచులో పాతిన ఒక ఫైబర్ గుడిసె. లోపల కిరోసిన్ స్టవ్ ఆరకుండా మండేది. ఆ పొగకి ఉమ్మితే నల్లగా పడేది. నారింజపండు రాయిలా గడ్డకట్టేది, దాన్ని స్టవ్ పక్కన పెట్టి మెత్తబడే దాకా కాచుకుని కూర్చునేవాళ్లం. మా పెద్ద ఒక హవల్దార్, కుమావూన్ కొండల మనిషి. అందరం ఆయన్ని ఉస్తాద్ అనేవాళ్లం. ఆయన నన్ను మద్రాసీ అనేవాడు. మాది తెలంగాణ అని చెబితే తల ఊపి, మళ్లీ మద్రాసీ అనే పిలిచేవాడు.

నేను పైకి వెళ్లిన కొన్నాళ్లకే దగ్గు పట్టుకుంది. తర్వాత పడుకుంటే ఛాతీలో ఏదో ఉడుకుతున్న చప్పుడు. మబ్బు దిగి హెలికాప్టర్ రాలేకపోయింది. ఎదురుచూస్తే మనిషి పోతాడని ఉస్తాద్ నన్ను స్లీపింగ్ బ్యాగ్‌లో పెట్టి, మంచు మీద జారే స్లెడ్జి బండికి కట్టించి బయలుదేరాడు. అంత ఎత్తులో మనిషి తనను తాను మోసుకుని నడవడమే కష్టం. అలాంటి చోట వాళ్లు తాళ్లు భుజాలకు వేసుకుని నన్ను లాగారు. దారిలో నాకు తెలియకుండానే బ్యాగ్‌లో విసర్జన అయిపోయింది. ఉస్తాద్ బండి ఆపించాడు. పై గ్లవ్స్ తీసి పక్కన పెట్టి, తల్లి పిల్లాడిని కడిగినట్టు నన్ను శుభ్రం చేసి, తన దగ్గరున్న పొడి బట్టలు తొడిగాడు. నాకు స్పృహ వస్తూ పోతూ ఉంది కానీ, ఆయన చేతులు మాత్రం గుర్తున్నాయి.

కింది క్యాంపులో డాక్టరు నన్ను బతికించాడు. ఉస్తాద్ కుడిచేతి రెండు వేళ్ల కొసలు చలికి చచ్చిపోతే కోసేశారు. నన్ను మైదానాలకు పంపి స్టోరులో వేశారు. తర్వాత సర్వీసంతా బూట్లు, కంబళ్లు లెక్కపెట్టుకుంటూ గడిచింది. మంచులో నేను చేసిన డ్యూటీ చెప్పుకోదగ్గది కాదు. తోటివాళ్లకు ఇంకో డ్యూటీ అయ్యాను, అంతే.

సభలో ఇంజినీరుగారే మైకు పట్టుకున్నారు. "ప్రాణాపాయంలో ఉన్న తోటి సైనికుణ్ణి మంచులో మోసుకొచ్చి బతికించిన మన తెలుగు జవాను" అన్నారు. ఆయన అబద్ధం ఆడలేదు. నేను సగం చెప్పాను, మిగతా సగం ఆయన మంచి మనసుతో పూరించుకున్నారు. శాలువా మెడ చుట్టూ పడింది. ముందు వరుసలో పట్టుచీర కట్టుకున్న పెద్దావిడ కళ్లు తుడుచుకుంటోంది. మైకు నా చేతికిచ్చారు.

"మోసింది నేను కాదండి" అన్నాను.

చప్పట్లు మోగాయి, ఇందాకటి కంటే గట్టిగా. "చూశారా ఆ వినయం" అని ఎవరో అన్నారు. నేను మళ్లీ నోరు తెరిచేలోపే మైకు తీసుకున్నారు. పిల్లల డ్యాన్స్‌కి పాట మొదలైంది. స్టేజీ దిగి కుర్చీలో కూర్చున్నాక, పక్కనున్నాయన నా చేయి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. ఆ చేయి వెనక్కి లాక్కోవాలనిపించింది.

తిరిగి వస్తూ కారులో మొత్తం చెప్పేశాను, బట్టలు మార్చిన సంగతితో సహా. ఇంజినీరుగారు రోడ్డు మీదే చూపు పెట్టి నడిపారు.

"నాకు ముందే చెప్పొచ్చు కదండీ" అన్నారు చివరికి.

"చెప్పాల్సింది సార్. సిగ్గయింది."

"రోగం వస్తే సిగ్గేమిటండీ?" అన్నారు.

తర్వాతి సెలవు రోజున ఉస్తాద్‌కి వీడియో కాల్ చేశాను. పండగలకు మెసేజ్ పెట్టడమే గానీ, ఆయన ముఖం చూసి మాట్లాడి ఏళ్లయింది. కొట్టంలో ఉన్నాడు. వెనక బర్రె తోక ఆడిస్తోంది. శాలువా సంగతి హిందీలో చెప్పి, "మీకు దక్కాల్సింది ఉస్తాద్. మీ వేళ్లు నా వల్లే పోయాయి" అన్నాను. ఆ మాట ఆయనతో అనడం అదే మొదటిసారి.

ఆయన చేయి కెమెరా ముందుకు తెచ్చి తిప్పి చూపించాడు. "పాలు పితకడానికి ఇవి చాలు" అన్నాడు. "ఆ రోజు నువ్వు దారంతా హవా, హవా అని అరుస్తూనే ఉన్నావు. గాలి అడుగుతున్నావని నా ఆక్సిజన్ సిలిండర్ కూడా నీకే పెట్టించాను."

నాకు వెంటనే అర్థం కాలేదు. నాకు గాలి అడిగిన గుర్తే లేదు. అప్పుడు తట్టింది. మా ఊరివైపు అమ్మను అవ్వా అంటాం. ముప్పై ఏళ్లు దాటిన జవానునై ఉండి, స్లెడ్జి మీద పడుకుని, అవ్వా, అవ్వా అని ఏడ్చాను. వాళ్లు దాన్ని హవా అనుకున్నారు.

మళ్లీ దాచబుద్ధి కాలేదు. "గాలి కాదు ఉస్తాద్. మా అమ్మను పిలిచాను" అన్నాను.

ఆయన నవ్వలేదు. బర్రె మెడ మీద చేయి వేశాడు. "అమ్మ అని తెలిసినా ఏం చేసేవాళ్లం? ఆమెను అక్కడికి ఎక్కణ్ణుంచి తేగలం? గాలి అయితే ఉంది, ఇచ్చాం" అన్నాడు. ఎవరో పిలిస్తే పాలచెంబు తీసుకుని లేచాడు. నా ముఖం ఆయనకు కనపడకుండా నేను ఫోన్ గోడవైపు తిప్పి పట్టుకున్నాను.

సభ ఫోటో ఇప్పటికీ వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది. దాని కింద నేనే మోసుకొచ్చానని రాసింది మార్చమని ఇంజినీరుగారిని అడిగాను. ఆయన మార్చి పెట్టారు కూడా. కానీ మొదటిదే ఎక్కువ మందికి చేరింది. గేటు దగ్గర ట్రక్కు ఆపి, నిజామాబాద్ డ్రైవర్ ఒకాయన మొన్న "అన్నా, మనిషిని మోసుకొచ్చింది నువ్వేనట గదా" అన్నాడు.

"నేను గాదు తమ్మీ. నన్నే మోసుకొచ్చిన్రు" అన్నాను.

వెనక బండ్లు హారన్ కొడుతున్నాయి. అతను నా ముఖంలోకి చూసి, కాగితాలు అందించాడు. నేను ముద్ర వేసి గేటు ఎత్తాను.